ముందు గోడ, తరువాత గ్రాఫిక్స్ కార్డు: బెజవాడలో వర్క్‌స్టేషన్ కంప్యూటర్‌కు భాగాలు ఎంచుకోవడం ఎలా

పగలు పెళ్లి వీడియోల ఎడిటింగో, ఇళ్ల ప్లాన్లకు త్రీడీ రెండరింగో చేసుకుని, రాత్రి పది దాటాక అదే కంప్యూటర్‌లో గేములు ఆడుకోవాలనుకునేవారు విజయవాడలోనూ గుంటూరులోనూ చాలామందే ఉన్నారు. దుకాణంలో సిద్ధంగా దొరికే కంప్యూటర్ పెట్టె మీద ప్రాసెసర్ పేరూ గ్రాఫిక్స్ కార్డు పేరూ పెద్ద అక్షరాల్లో ఉంటాయి గాని, లోపలి ఎస్‌ఎంపీఎస్ (గోడ కరెంటును భాగాలకు తగ్గ వోల్టేజీకి మార్చే పవర్ సప్లై) ఏ కంపెనీదో, భాగాలన్నిటినీ కలిపే మదర్‌బోర్డు ఏ మోడలో చాలాసార్లు ఎక్కడా రాసి ఉండదు. అందువల్ల భాగాలను విడివిడిగా ఎంచుకుని ఇంట్లో కూర్చుకోవడమే మేలని నేను నమ్ముతాను. అయితే ఆ ఎంపిక ఎక్కడ మొదలుపెట్టాలన్నదే అసలు సంగతి. దాదాపు అందరూ గ్రాఫిక్స్ కార్డుతో మొదలుపెట్టి, చేతిలో మిగిలిన డబ్బుతో తక్కినవన్నీ సర్దుతారు. మన కరెంటుకూ మన ఎండకూ ఆ పద్ధతి సరిపడదు. ఇక్కడ గోడలో ఉన్న ప్లగ్ దగ్గర మొదలుపెట్టి లోపలికి రావాలి.

తొమ్మిదేళ్ల కిందట సత్యనారాయణపురంలో మేము అద్దెకున్న ఇంట్లో నా మొదటి కంప్యూటర్‌ను నేనూ అందరిలాగే కట్టుకున్నాను. క్యాబినెట్‌తో పాటు వచ్చిన ఎస్‌ఎంపీఎస్ మీద 600 వాట్లు అని అచ్చు వేసి ఉంటే నమ్మాను. మే నెలలో ఒక సాయంత్రం గాలివానకు కరెంటు పోయి, రెండు నిమిషాల్లో వచ్చి, మళ్లీ పోయి, మళ్లీ వచ్చింది. ఆ రావడంతోనే లోపల టప్పుమని చప్పుడు, వెంటనే కాలిన వైరు వాసన. ఎస్‌ఎంపీఎస్ ఒక్కటే పోయి ఉంటే ఇంత బాధ లేకపోను. అది పోతూ పోతూ మదర్‌బోర్డునూ, ఒక పెళ్లి తాలూకు ఫుటేజ్ ఉన్న హార్డ్ డిస్కునూ వెంట తీసుకుపోయింది. కెమెరా కార్డులను అప్పటికే ఫార్మాట్ చేసేశాను. పెళ్లికూతురి నాన్నగారి ముందు తలవంచుకుని నిలబడిన ఆ రోజు నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. ఈ కింద రాసిన వరుస అప్పటినుంచి నేర్చుకున్నదే.

మొదటి పని: వారం రోజుల లెక్క

మీకు ఏ భాగం ఎంత పెద్దది కావాలో మీ పని చెబుతుంది గాని, కొత్తగా విడుదలైన మోడళ్ల జాబితా చెప్పదు. ఇప్పుడు వాడుతున్న కంప్యూటర్ పక్కన ఒక నోటు పుస్తకం పెట్టుకుని, ఏ పని దగ్గర ఎంతసేపు ఎదురుచూస్తున్నారో వారం రోజులు రాయండి. అలా ఎదురుచూస్తున్నప్పుడు టాస్క్ మేనేజర్ తెరిచి, ప్రాసెసర్, మెమరీ, డిస్క్, గ్రాఫిక్స్ అనే నాలుగింటిలో ఏది నిండిపోయిందో పక్కనే రాసుకోండి. మొగల్రాజపురంలో నాకు తెలిసిన ఒక ఆర్కిటెక్ట్ గారు రెండరింగ్ ఆలస్యమవుతోందని ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు కొనబోతూ నన్ను పిలిచారు. వారి తెర మీద చూస్తే 16 గిగాబైట్ల మెమరీ (ర్యామ్) అంచుదాకా నిండిపోయి, పట్టనిదంతా డిస్కు మీదికి వెళుతోంది. గ్రాఫిక్స్ కార్డు మాత్రం ఇరవై శాతం దగ్గర ఊరికే కూర్చుని ఉంది. వారికి కావలసింది ర్యామ్, అంతే.

స్థూలంగా చెప్పాలంటే ఆటోక్యాడ్, రెవిట్ వంటి వాటిలో చాలా పని ప్రాసెసర్‌లో లెక్కలు చేసే విభాగాల్లో ఒక్కదాని మీద, అంటే ఒకే కోర్ మీద నడుస్తుంది కాబట్టి అక్కడ కోర్ల సంఖ్య కంటే ఒక్కొక్క కోర్ వేగం ముఖ్యం. త్రీడీ సాఫ్ట్‌వేర్ బ్లెండర్‌లో రెండరింగ్ భారం గ్రాఫిక్స్ కార్డు మోస్తుంది. ఆల్బమ్ డిజైనింగ్‌కు ఫొటోషాప్ వాడేవారికి ర్యామూ వేగమైన డిస్కూ ముందు కావాలి. వీడియో ఎడిటింగ్ సంగతి వేరు. దాన్ని గ్రాఫిక్స్ కార్డు దగ్గర వివరంగా చెబుతాను.

గోడలోని ప్లగ్, దాని వెనుక ఎర్తింగ్

కంప్యూటర్ పెట్టదలచుకున్న ప్లగ్ దగ్గర మల్టీమీటర్‌తో మూడు కొలతలు తీయించండి. కరెంటు పనిలో చేయి తిరగనివారు దీన్ని ఎలక్ట్రీషియన్‌తోనే చేయించాలి. ఫేజ్‌కూ న్యూట్రల్‌కూ మధ్య సుమారు 230 వోల్టులు, ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య దాదాపు అంతే, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య రెండు మూడు వోల్టులకు మించకుండా ఉండాలి. ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య ఏ యాభయ్యో అరవయ్యో చూపిస్తుంటే ఆ మూడో రంధ్రంలో ఉన్నది అలంకారమే గాని ఎర్తింగ్ కాదు. పాత ఇళ్లలో, అపార్ట్‌మెంట్లలో కూడా ఇది మామూలుగా కనిపించే లోపం.

ఎర్తింగ్ లేని ఇంట్లో కంప్యూటర్ క్యాబినెట్‌ను వట్టికాళ్లతో నిలబడి తాకితే వేలికి చురుక్కుమంటుంది; టెస్టర్ పెడితే వెలుగుతుంది. అది పాడైన కంప్యూటర్ లక్షణమని చాలామంది కంగారుపడతారు. ఎస్‌ఎంపీఎస్ లోపల విద్యుత్ రొదను ఎర్త్‌లోకి పంపడానికి ఫేజ్ నుంచీ న్యూట్రల్ నుంచీ బాడీకి ఒక్కొక్క చిన్న కెపాసిటర్ కలిపి ఉంటుంది. ఎర్త్ వైరు సరిగా ఉంటే ఆ కొద్దిపాటి కరెంటు భూమిలోకి పోతుంది; లేకపోతే క్యాబినెట్ మొత్తం సుమారు 115 వోల్టుల దగ్గర వేలాడుతుంది. కరెంటు చాలా తక్కువ కాబట్టి మనిషికి పెద్ద దెబ్బ తగలదు గాని, హెచ్‌డీఎంఐ, యూఎస్‌బీ వైర్లు పెట్టి తీసేటప్పుడు ఆ పోర్టులకు ముప్పే. పైగా లోపల ఫేజ్ వైరు నిజంగా బాడీకి తగిలిన రోజున ఫ్యూజును పడగొట్టేది కూడా ఆ ఎర్త్ వైరే. అందుచేత ఏ భాగానికీ బయానా ఇవ్వకముందే ఎర్తింగ్ సరిచేయించండి. దీనికయ్యే ఖర్చు మంచి కీబోర్డు ఖర్చంత కూడా ఉండకపోవచ్చు.

ఎర్తింగ్ తరువాత యూపీఎస్. దుకాణంలో 600 వీఏ యూపీఎస్ చూపించి సరిపోతుందంటారు. వీఏ అంటే వాట్లు కాదు. ఆ తరగతి యూపీఎస్‌లు సాధారణంగా 360 వాట్ల వరకే మోస్తాయి. 300 వాట్ల గ్రాఫిక్స్ కార్డు, 160 వాట్ల ప్రాసెసర్, ఫ్యాన్లూ డిస్కులూ మదర్‌బోర్డూ కలిపి మరో 80 వాట్లు అనుకుంటే లోపలి ఖర్చే 540 వాట్లు. ఎస్‌ఎంపీఎస్‌లో పదో వంతు వేడిగా పోతుంది కాబట్టి గోడ నుంచి 600 వాట్లు లాగుతుంది. అటువంటి కంప్యూటర్‌కు కనీసం 900 వాట్లు మోయగల 1500 వీఏ యూపీఎస్ చూసుకోండి. వీలైతే ప్యూర్ సైన్ వేవ్ రకం (గోడ కరెంటులాగే నున్నని తరంగం ఇచ్చేది) తీసుకోండి. నేటి మంచి ఎస్‌ఎంపీఎస్‌లన్నింటిలో కరెంటును సమంగా లాగే యాక్టివ్ పీఎఫ్‌సీ అనే సర్క్యూట్ ఉంటుంది. చవక యూపీఎస్‌లు బ్యాటరీ మీద ఇచ్చే మెట్లుమెట్లుగా ఉన్న కరెంటుతో వాటిలో కొన్ని సరిగా నడవక, కరెంటు పోయిన క్షణంలోనే ఆగిపోతాయి.

ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా, చాలదా అని అడుగుతారు. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే ఒక్కొక్క తరంగం 20 మిల్లీసెకన్లు. కరెంటు ఆగినప్పుడు ఎస్‌ఎంపీఎస్ తన కెపాసిటర్‌లో దాచుకున్న శక్తితో సుమారుగా ఆ ఒక్క తరంగం పాటు మాత్రమే నెట్టుకొస్తుంది. ఇన్వర్టర్ అంతలోపే బ్యాటరీకి మారాలి. సైన్ వేవ్ ఇన్వర్టర్ అయి, వెనుక ఉన్న స్విచ్ యూపీఎస్ మోడ్‌లో ఉండి, 600 వాట్లతో పాటు ఇంట్లోని ఫ్యాన్లనూ మోయగల సామర్థ్యం ఉంటే పని నడుస్తుంది. నా మాట అడిగితే, కంప్యూటర్‌కు యూపీఎస్ వేరుగా ఉండడమే మంచిది. దాని పని మిమ్మల్ని గంటసేపు ఆడించడం కాదు, ప్రాజెక్టు సేవ్ చేసి మెషీన్‌ను మర్యాదగా ఆపుకునే ఐదు నిమిషాలు ఇవ్వడం.

ఎండ లెక్క

రోహిణీ కార్తెలో రోళ్లు పగులుతాయని మనవాళ్లు ఊరికే అనలేదు. మే నెలలో విజయవాడలో బయట 40 డిగ్రీలు దాటడం మామూలు. ఏసీ లేని పై అంతస్తు గదిలో మధ్యాహ్నం 38 డిగ్రీలు ఉంటుంది. వీడియోల్లో చెప్పే ఉష్ణోగ్రతలన్నీ ఇరవై, పాతిక డిగ్రీల గదిలో కొలిచినవి. ప్రాసెసర్ మీద బిగించే కూలర్, గది గాలి కంటే చల్లగా ఏ భాగాన్నీ ఉంచలేదు కాబట్టి, గది ఎన్ని డిగ్రీలు పెరిగితే ప్రాసెసర్ కూడా దాదాపు అన్ని డిగ్రీలు పెరుగుతుంది. 24 డిగ్రీల గదిలో 78 చూపించిన ప్రాసెసర్, అదే పనికి 38 డిగ్రీల గదిలో 92 చూపిస్తుంది. ఏఎండీ రైజెన్ 9000 వరుస ప్రాసెసర్లలో హద్దు 95 డిగ్రీలు. అక్కడికి చేరగానే అది తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. ఖరీదు పెట్టి కొన్న వేగం ఎండాకాలమంతా మీకు అందకుండా పోతుందన్నమాట.

గదిలో ఏసీ ఉన్నా ఈ లెక్క తప్పదు. కంప్యూటర్ తాగిన కరెంటంతా చివరికి గదిలో వేడే అవుతుంది. ఒక టన్ను ఏసీ సుమారు 3,500 వాట్ల వేడిని బయటికి తోస్తుంది; 500 వాట్ల కంప్యూటర్ అందులో ఏడో వంతును ఒక్కటే ఖర్చు చేయిస్తుంది. రోజుకు ఎనిమిది గంటలు పూర్తి భారం మీద నడిస్తే కంప్యూటర్‌కే నాలుగు యూనిట్లు, నెలకు 120 యూనిట్లు. ఇప్పటికే పై శ్లాబులో ఉన్న ఇంటికి ఆ యూనిట్లు ఎక్కువ రేటు మీదనే పడతాయి. కాబట్టి ఒకే పని చేసే రెండు ప్రాసెసర్లలో తక్కువ వాట్లది ఎంచుకోవడం మన ఊళ్లో పిసినారితనం కాదు.

క్యాబినెట్ ముందు భాగం అద్దం కాకుండా జాలీ ఉన్నది తీసుకోండి. ముందు రెండు లేదా మూడు ఫ్యాన్లు గాలి లోపలికి లాగాలి, వెనుక ఒకటి బయటికి తోయాలి. జాలీ వెనుక సులువుగా ఊడదీసి కడుక్కునే ఫిల్టర్ తప్పనిసరి, ఎందుకంటే రోడ్డు పక్క ఇంట్లో నెల రోజులకే దాని మీద బూడిదరంగు దుప్పటి పరుచుకుంటుంది. కింద ఎస్‌ఎంపీఎస్ గాలి పీల్చే చోట కూడా జాలీ ఉందో లేదో చూడండి. మన ఇళ్లలో చీమలూ బల్లి పిల్లలూ వెచ్చదనం కోసం దూరేది అక్కడి నుంచే. గ్రాఫిక్స్ కార్డు పొడవు, కూలర్ ఎత్తు క్యాబినెట్‌లో పడతాయో లేదో మిల్లీమీటర్లలో సరిచూసుకోండి. మంచి రెండు టవర్ల కూలర్లు 155 నుంచి 165 మిల్లీమీటర్ల ఎత్తుంటాయి.

ఎయిర్ కూలరా, లిక్విడ్ కూలరా అంటే నేను ఎయిర్ కూలర్ వైపే. పదేళ్లయినా దానిలో పాడయ్యేది ఒక ఫ్యాను మాత్రమే, అదీ ఏ దుకాణంలోనైనా దొరుకుతుంది. లిక్విడ్ కూలర్‌లో పంపు ఆగిపోతే మొత్తం మార్చాలి. 200 వాట్లు దాటే ప్రాసెసర్‌తో రోజంతా రెండరింగ్ చేసేవారికి మాత్రం 360 మిల్లీమీటర్ల లిక్విడ్ కూలర్ అర్థవంతమే.

ఎస్‌ఎంపీఎస్

ఇప్పుడు మొత్తం బడ్జెట్‌లోంచి ఎస్‌ఎంపీఎస్, యూపీఎస్, క్యాబినెట్, కూలర్ డబ్బు తీసి పక్కన పెట్టేయండి. మిగిలినదే గ్రాఫిక్స్ కార్డుకూ ప్రాసెసర్‌కూ. తరువాత ఎంత టెంప్టేషన్ వచ్చినా ఆ పక్కన పెట్టినదాన్ని ముట్టుకోకండి.

పైన వేసిన 540 వాట్ల లెక్కకు 750 వాట్ల ఎస్‌ఎంపీఎస్ సరిపోతుంది, 850 అయితే నిశ్చింతగా ఉంటుంది. గ్రాఫిక్స్ కార్డులు తమ మీద రాసిన వాట్లకు కట్టుబడవు. రెప్పపాటు కన్నా తక్కువ కాలం అంతకు చాలా ఎక్కువ లాగుతాయి. ఎస్‌ఎంపీఎస్‌లకు ఉన్న ఏటీఎక్స్ 3.0, 3.1 ప్రమాణాలు ఆ కుదుపులను తట్టుకోవాలని స్పష్టంగా నిర్దేశించాయి కాబట్టి కొత్తగా కొనేవారు 3.1 ఉన్నదే తీసుకోవాలి. 80 ప్లస్ గోల్డ్ అనే ముద్ర కరెంటు పొదుపు గురించి చెబుతుందే తప్ప లోపలి నాణ్యత మొత్తానికి హామీ కాదు. దానికంటే వారంటీ ఎన్నేళ్లో చూడండి: ఏడేళ్లు, పదేళ్లు వారంటీ ఇచ్చిన మోడల్‌లో మంచి కెపాసిటర్లు వేయకపోతే ఆ కంపెనీకే నష్టం. ఓవర్ వోల్టేజ్, షార్ట్ సర్క్యూట్, అధిక వేడి రక్షణలు ఉన్నాయని పెట్టె మీద విడివిడిగా రాసి ఉండాలి.

గ్రాఫిక్స్ కార్డు

ఇక్కడ మొదటి ప్రశ్న వేగం గురించి కాదు, కార్డులోనే ఉండే మెమరీ గురించి. గేములు మాత్రమే అయితే సెట్టింగులు తగ్గించుకుని ఎలాగో నడపవచ్చు. పని మాత్రం అలా తగ్గదు. బ్లెండర్ సీన్ కార్డు మెమరీలో పట్టకపోతే రెండరింగ్ బాగా నెమ్మదిస్తుంది, ఒక్కోసారి మధ్యలోనే ఆగిపోతుంది. అందుచేత పనికి వాడే కార్డుకు 8 గిగాబైట్లు వద్దు, 12 సర్దుకోవచ్చు, 16 మంచిది. 2025లో వచ్చిన వాటిలో ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 5060 టీఐ 8, 16 గిగాబైట్ల రెండు రకాల్లోనూ దొరుకుతుంది. ఒకే పేరు కాబట్టి పెట్టె మీద అంకె చూసి 16 ఉన్నదే తీసుకోండి. అది 180 వాట్లతోనే నడుస్తుంది కనుక మన వేడికి అనువైనది. 5070కి 12 గిగాబైట్లు, 250 వాట్లు. 5070 టీఐకి 16 గిగాబైట్లు, 300 వాట్లు. ఏఎండీ వైపు ఆర్‌ఎక్స్ 9070 ఎక్స్‌టీకి 16 గిగాబైట్లు, 304 వాట్లు. దాని చిన్న తోబుట్టువు 9070కి అవే 16 గిగాబైట్లు, 220 వాట్లు.

ఎన్‌విడియానా, ఏఎండీనా అన్నది మీ సాఫ్ట్‌వేర్ తేలుస్తుంది. మెషీన్ లెర్నింగ్ చదువుకునే విద్యార్థులకు క్యూడా (CUDA) అనే సాఫ్ట్‌వేర్ వ్యవస్థ కావాలి. అది ఎన్‌విడియా కార్డుల మీదనే నడుస్తుంది. బ్లెండర్ రెండింటి మీదా నడిచినా ఎన్‌విడియా మీద సాధారణంగా వేగం ఎక్కువ. గేములూ, ఫొటోషాపూ మాత్రమే అయితే అదే డబ్బుకు ఏఎండీ ఎక్కువ ఇస్తుందన్నది నా అనుభవం.

పెళ్లి వీడియో వారు ఇంకొక సంగతి తెలుసుకోవాలి. ఇప్పటి మిర్రర్‌లెస్ కెమెరాల్లో రంగు బాగా నిలవాలని 10 బిట్ 4:2:2 ఫార్మాట్‌లో షూట్ చేస్తున్నారు. ఈ ఫార్మాట్‌ను విప్పే సర్క్యూట్ ఎన్‌విడియా పాత గ్రాఫిక్స్ కార్డుల్లో లేదు. అందుకే ఎంత ఖరీదైన పాత కార్డు పెట్టినా టైమ్‌లైన్ మీద తాళికట్టే షాట్ ముక్కలుముక్కలుగా కదులుతుంది. భారమంతా ప్రాసెసర్ మీద పడుతుంది. ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 50 వరుసలో 4:2:2 విప్పే ఏర్పాటు వచ్చింది. ఇంటెల్ ప్రాసెసర్లలోని లోపలి గ్రాఫిక్స్, అంటే క్విక్ సింక్, 11వ తరం నుంచే హెచ్ఈవీసీ అనే కుదింపు పద్ధతిలోని 4:2:2ను విప్పుతోంది. మీ ప్రధాన ఆదాయం ఎడిటింగ్ అయితే ఈ రెండింటిలో ఒకటి ఉండేలా చూసుకోండి. ఇంటెల్ తీసుకుంటే పేరు చివర ఎఫ్ అక్షరం ఉన్నది కొనకండి. దానిలో ఆ లోపలి గ్రాఫిక్స్ ఉండదు.

ప్రాసెసర్, మదర్‌బోర్డు

ఏఎండీ ప్రాసెసర్లు కూర్చునే ఏఎం5 సాకెట్ 2022లో వచ్చింది. దీన్ని కనీసం 2027 వరకు కొనసాగిస్తామని కంపెనీ ప్రకటించింది కనుక, ఇప్పుడు మధ్యరకం ప్రాసెసర్ పెట్టుకుని రెండేళ్ల తరువాత అదే బోర్డు మీద పెద్దది పెట్టుకునే వీలు ఉండవచ్చు. 8 కోర్ల రైజెన్ 7 9700ఎక్స్ 65 వాట్ల తరగతిది. ఫొటోషాప్, క్యాడ్, గేములు ఉన్న ఇంటికి అదే చాలు. 12 కోర్ల 9900ఎక్స్ ఎడిటింగ్‌కు మంచి మధ్యేమార్గం. గేములే ముఖ్యమైతే 96 మెగాబైట్ల ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలి వేగమైన మెమరీ) ఉన్న 9800ఎక్స్3డీ ముందుంటుంది. రెండూ పూర్తిస్థాయిలో కావాలంటే 16 కోర్ల 9950ఎక్స్3డీ ఉంది గాని, దాని మీద 170 వాట్లు అని రాసినా 200 వాట్ల వరకు తాగుతుంది. మదర్‌బోర్డు సెట్టింగులుండే బయోస్‌లో ఈకో మోడ్ అనే అమరిక ఉంటుంది. 105 వాట్ల అమరికలో పెడితే ఖర్చు 142 వాట్ల దగ్గర ఆగుతుంది, రెండరింగ్‌లో కోల్పోయేది కొద్దిగా మాత్రమే. ఏప్రిల్ నుంచి జూన్ దాకా నా మెషీన్ ఆ మోడ్‌లోనే నడుస్తుంది.

ఇంటెల్ వైపు 2024లో వచ్చిన కోర్ అల్ట్రా 7 265కే 20 కోర్లతో ఎడిటింగ్‌కు గట్టిది. సెకండ్‌హ్యాండ్‌లో 13, 14వ తరం ఐ7, ఐ9 ప్రాసెసర్లు చవకగా దొరుకుతాయి. వాటిలో వోల్టేజ్ ఎక్కువై కాలక్రమంలో చెడిపోయే లోపం ఉందని 2024లో ఇంటెల్ స్వయంగా అంగీకరించి, బయోస్ అప్‌డేట్లు విడుదల చేసి, వారంటీ రెండేళ్లు పొడిగించింది. అప్‌డేట్ లేకుండా ఎన్నాళ్లు నడిచిందో తెలియని ప్రాసెసర్‌ను పని కోసం కొనకండి.

ఏఎం5 మదర్‌బోర్డులో బీ650 లేదా బీ850 చిప్‌సెట్ చాలు. ప్రాసెసర్‌కు కరెంటు అందించే వీఆర్ఎం మీద లోహపు హీట్‌సింక్ ఉండాలి, ఎస్‌ఎస్‌డీలు పెట్టే ఎం.2 స్లాట్లు కనీసం రెండు, బయోస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఒకటి. ఆ బటన్ ఉంటే ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్‌తో బయోస్ అప్‌డేట్ చేయవచ్చు. కొన్ని బోర్డుల్లో రెండో ఎం.2 స్లాట్ నింపితే హార్డ్ డిస్కులు కలిపే సాటా పోర్టులు రెండు మూగబోతాయి. మాన్యువల్‌లో ఆ పేజీ చదవకుండా కొనకండి.

ర్యామ్, డిస్కులు

ఏఎం5 బోర్డులకు డీడీఆర్5 ఒక్కటే పడుతుంది. ఆల్బమ్‌లకూ గేములకూ 32, వీడియోకూ రెండరింగ్‌కూ 64 గిగాబైట్లు. ముఖ్యమైన జాగ్రత్త: ఎంత కావాలన్నా రెండు స్టిక్కుల్లోనే తీసుకోండి. ఇప్పుడు రెండు, తరువాత ఇంకో రెండు అని ప్లాన్ వేస్తారు. నాలుగు పెడితే రైజెన్ 9000 ప్రాసెసర్లకు ఏఎండీ హామీ ఇచ్చే వేగం 5600 నుంచి 3600కు పడిపోతుంది. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి కనుక దీని మీద రెండుసార్లు డబ్బు పోసే పని పెట్టుకోవద్దు. 6000 వేగం, ఎక్స్‌పో (ర్యామ్‌ను దాని మీద రాసిన వేగంతో నడిపే అమరిక) గుర్తు ఉన్నది రైజెన్‌కు చక్కగా కుదురుతుంది.

డిస్కు విషయంలో పెట్టె మీది సెకనుకు 7,000 మెగాబైట్లు అనే అంకెను చూసి మోసపోకండి. ఒక్కో సెల్‌లో నాలుగు బిట్లు దాచే క్యూఎల్‌సీ రకం ఎస్‌ఎస్‌డీలు కొద్దిసేపు ఆ వేగంతో రాసి, లోపలి క్యాష్ నిండగానే మామూలు హార్డ్ డిస్కు స్థాయికి పడిపోతాయి. సెకనుకు 100 మెగాబిట్ల వీడియో గంటకు 45 గిగాబైట్లు అవుతుంది. మూడు కెమెరాల పెళ్లిలో ఒక్కొక్కటి ఆరు గంటలు తీస్తే 800 గిగాబైట్లు దాటుతుంది. ఆ కార్డులన్నీ ఒకేసారి కాపీ చేసేవారికి సెల్‌కు మూడు బిట్లే దాచే టీఎల్‌సీ రకం కావాలి. విండోస్‌కు 1 టెరాబైట్, నడుస్తున్న ప్రాజెక్టులకు 2 టెరాబైట్లు వేరుగా పెట్టుకోండి. భద్రపరచడానికి పెద్ద హార్డ్ డిస్కులు రెండు: ఒకటి కంప్యూటర్‌లో, ఒకటి బీరువాలో. రెండు కాపీలు అయ్యేదాకా కెమెరా కార్డును ఫార్మాట్ చేయకండి. దీన్ని నేను ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానో మీకు తెలుసు.

మానిటర్‌కు ఎక్కువ చెప్పనక్కర్లేదు. 27 అంగుళాల 1440పీ ఐపీఎస్ తెర పనికీ గేములకూ సరిపోతుంది. రోజుకు పది గంటలు ఒకే టైమ్‌లైన్, ఒకే టాస్క్‌బార్ కనిపించే వృత్తిలో ఓఎల్‌ఈడీ తెర మీద ఆ గీతలు నిలిచిపోయే భయం ఉంది.

కొనేటప్పుడు

విజయవాడ దుకాణాల్లో, ఆన్‌లైన్‌లో, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో అందరూ సీటీసీ అని పిలిచే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, మూడు చోట్లా ధర అడగండి. అడిగేటప్పుడు 18 శాతం జీఎస్టీ కలిపా, కలపకనా అని తేల్చుకోండి. చాలా వాదాలు అక్కడే వస్తాయి. స్టూడియో పేరున జీఎస్టీ నంబర్ ఉంటే బిల్లు ఆ నంబర్ మీద తీసుకోండి, ఇన్‌పుట్ క్రెడిట్ వస్తుంది. బిల్లులో ప్రతి భాగం సీరియల్ నంబర్ రాయించండి. ప్రాసెసర్ సీలు వేసిన పెట్టెలోదే తీసుకోండి. విడిగా ఇచ్చే ట్రే ప్రాసెసర్‌కు కంపెనీ వారంటీ సరిగా వర్తించకపోవచ్చు. ఎస్‌ఎంపీఎస్‌నూ గ్రాఫిక్స్ కార్డునూ ఊళ్లోనే కొనడం నాకు ఇష్టం, నాలుగు వందలు ఎక్కువైనా సరే. పాడైతే మోసుకెళ్లి బల్ల మీద పెట్టి మాట్లాడవచ్చు. ఆన్‌లైన్‌లో వచ్చిన పెట్టెను మాత్రం చిరునామా చీటీ కనిపించేలా వీడియో తీస్తూ తెరవండి.

కూర్చిన తరువాత మొదటి వారం

మొదటిసారి స్విచ్ వేశాక తెర చాలాసేపు నల్లగానే ఉంటుంది. డీడీఆర్5 ర్యామ్‌ను మదర్‌బోర్డు పరీక్షించుకునే సమయమది. ఐదు, పది నిమిషాలు పట్టవచ్చు. ఇక్కడే చాలామంది భయపడి స్విచ్ ఆపేసి, మళ్లీ వేసి, ఆ పరీక్షను మొదటికి తెస్తారు. చేతులు కట్టుకుని కూర్చోండి. తెర వచ్చాక బయోస్ అప్‌డేట్ చేసి, ఎక్స్‌పో ఆన్ చేయండి. లేకపోతే 6000 వేగం ర్యామ్ 4800 దగ్గరే నడుస్తూ ఉంటుంది. గ్రాఫిక్స్ కార్డు పవర్ కనెక్టర్ చివరిదాకా దిగిందో లేదో టార్చి వేసి చూడండి. సందు కనిపిస్తే మళ్లీ నొక్కండి. సగం దిగిన కనెక్టర్లు వేడెక్కి కరిగిన సంఘటనలున్నాయి.

రాత్రి పడుకునే ముందు ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 పెట్టి ఉదయానికి ఒక్క తప్పు కూడా లేదని చూసుకోండి. మరునాడు మధ్యాహ్నం మూడు గంటలకు, ఏసీ ఆపి, అర గంట ప్రాసెసర్‌ను పరీక్షించే సినీబెంచ్, తరువాత అర గంట మీకున్న గేముల్లో అన్నిటికంటే బరువైనది నడపండి. భాగాల వేడిని కొలిచి చూపే హెచ్‌డబ్ల్యూఇన్ఫో సాఫ్ట్‌వేర్‌లో చూపిన గరిష్ఠ ఉష్ణోగ్రతలతో పాటు గోడ మీది థర్మామీటర్ చూపే గది ఉష్ణోగ్రతను కూడా రాయండి. ఆ పరీక్ష నడుస్తుండగానే మెయిన్ స్విచ్ ఒకసారి ఆపి, యూపీఎస్ పట్టుకుందో లేదో తేల్చుకోండి. ఇది ముఖ్యమైన ఫైలు ఏదీ తెరిచి లేనప్పుడే చేయండి. ఇక్కడ ఆగిపోతే దుకాణదారు మార్చి ఇచ్చే గడువు ఇంకా మిగిలే ఉంటుంది. అంకెలన్నీ ఒక కాగితం మీద తేదీతో రాసి క్యాబినెట్ పక్క తలుపు లోపలివైపు అతికించండి. మళ్లీ మే నెలలో అదే పరీక్ష చేసినప్పుడు, గది వేడి తీసేశాక కూడా పది డిగ్రీలు పెరిగి ఉంటే, ముందుగా ఆ ఫిల్టర్ ఊడదీసి కడగండి.